ఇరవై మిల్లీమీటర్లు

అద్దానికి అవతల అత్త అరికాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. బోర్లా పడుకోబెట్టారు కాబట్టి పాదాలు రెండూ బల్ల చివర నుంచి బయటికొచ్చి ఇటే చూస్తున్నాయి, మిగతా మనిషంతా ఆకుపచ్చ దుప్పటి కిందా, కుడి తొడ మీదికి వంగిన మిషను చెయ్యి కిందా ఉండిపోయింది. మడమల నిండా పగుళ్ళు, ఎడమ బొటనవేలి కింద గుండీ అంత కాయ, నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన పాదాలు మరి. తొందరమ్మ గది మూల స్టూలు మీద, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని ఆ కాయనే చూస్తోంది. చూడలేని దాన్ని చూడకుండా ఉండాలంటే చూడ్డానికి ఇంకేదో ఒకటి కావాలి కదా. చూడలేనిది ఒళ్ళోనే ఉంది, ఒకే ఒక వరస, దాన్ని ప్రోగ్రాములో రాసి పెట్టింది తనే, రెండేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, పక్క కుర్చీలో ఎవరితోనో నవ్వుతూ. "ఎముక దూరం 21.4 మిల్లీమీటర్లు. పూర్తి లెక్క అవసరం లేదు." గోడ మీద ఎర్ర అంకెల గడియారం ఏడు చూపిస్తోంది. అరవై దాకా నడవాలి.

అవసరం లేదు. ఎంత ధీమాగా చెబుతోందో చూడు, అచ్చం తన గొంతే. తొందరమ్మ అన్నది అత్త పెట్టిన పేరు, ఎనిమిదో నెలకే బయటికొచ్చేసిన పిల్లని ఇంకేమని పిలుస్తారని అత్త వాదన. సర్టిఫికెట్లలో ఉన్న పేరు సర్టిఫికెట్లలోనే ఉండిపోయింది. బడికి వెళ్ళేటప్పుడు ఒక కాలికి చెప్పు మరిచిపోయేది, పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు రాసేది, అది కూడా కరెక్టే అయ్యేది కాబట్టి ఎవరూ తిట్టలేకపోయేవారు. పెద్దయ్యాక తొందరే ఉద్యోగమైంది. చెవికి అందని శబ్దాన్ని ఒకచోటికి గురిపెట్టి పంపితే అక్కడ ఒంట్లో కండ వేడెక్కుతుంది. కణితిని నలభై మూడు డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, ఆ వెంటనే ఇచ్చే రేడియేషన్‌కి అది తట్టుకోలేదు. ఎక్కడ ఎంత వేడి పుడుతుందో ముందే కంప్యూటర్లో చూసుకోవాలి, కాలు మొత్తాన్ని ఆవగింజలో సగమంత గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో అల ఎటు పోతోందో, కోట్ల గళ్ళు, మళ్ళీ మళ్ళీ. దానికి పదకొండు గంటలు పట్టేది. ఇవాళ తీసిన స్కాన్‌కి లెక్క రేపొచ్చేది, రేపటికి మనిషి ఇవాళ పడుకున్నట్టే పడుకుంటుందా, కాలు రెండు వేళ్ళ మేర పక్కకి జరిగితే లెక్కంతా నీళ్ళపాలు. తొందరమ్మ నాలుగేళ్ళు కూర్చుని దాన్ని నాలుగు నిమిషాలకి తెచ్చింది. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీసి, డాక్టరుగారు టీ తాగి వచ్చేలోపు లెక్క సిద్ధం. ఆ మాట డాక్టరుగారే అన్నారు, మీటింగులో, అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ డాక్టరుగారు ఇప్పుడు ముందు కుర్చీలో వెనక్కి వాలి, తెర మీద కదిలే పచ్చ గీతను చూస్తున్నారు. కణితిలోకి దించిన సన్నటి తీగ చెప్పే వేడి, నలభై రెండు పాయింట్ ఏడు, నలభై రెండు పాయింట్ ఎనిమిది, గీసినట్టు వెళుతోంది. పక్కనే మిషను నడిపే టెక్నీషియన్ ఆవిడ, కళ్ళద్దాలకి గొలుసు కట్టుకుని, నెత్తిన జుట్టు సగం నెరిసి, ఏ తొందరా లేని మనిషి. బాగా నడుస్తోంది. నడవదని ఎవరన్నారు. తీగ ఉన్నచోట బాగా నడుస్తోంది. ఎముక దగ్గర తీగ లేదు. అంత లోపలికి తీగ గుచ్చరు, గుచ్చక్కర్లేదు, అక్కడ ఎంత ఉందో లెక్క చెబుతుంది కదా. లెక్క నలభై ఒకటి అంటోంది. లెక్క అంటే ఎవరు, తొందరమ్మ. అంటే ఈ గదిలో ఇద్దరు పెద్దమనుషులు అంత నిబ్బరంగా కూర్చున్నది, మూల స్టూలు మీద చెమటలు కక్కుతున్న ఒక మనిషి మాట పట్టుకుని. ఆ మనిషిని మాట్లాడొద్దని కూడా అన్నారు. సొంత మేనత్త కాబట్టి నువ్వు చూడ్డానికే, ముట్టుకోడానికి కాదు అని తన ఆఫీసు హెడ్డుగారు పొద్దున మరీ మరీ చెప్పి పంపించారు.

నాలుగు నిమిషాలు ఊరికే రాలేదు. తిరిగొచ్చే అలల్ని వదిలేస్తే వచ్చాయి. వెళ్ళే అల ముందుకే వెళుతుందనుకుంటే పని ఎంత తేలికో, పొర తర్వాత పొర తోసుకుంటూ పోవచ్చు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. మెత్తటి కండలో అది అబద్ధం కూడా కాదు, తిరిగొచ్చేది ఉందా లేదా అన్నంత. ఎముక ఉంటే వేరు. ఎముకకి తగిలిన అల కొంత దాన్నే కాలుస్తుంది, కొంత వెనక్కొచ్చి, ఎదురొచ్చే దానితో కలిసి అక్కడక్కడే వేడి పెంచుతుంది. ఆ సంగతి తెలీక కాదు, తెలుసు కాబట్టే ఒక హద్దు పెట్టింది. వేడి చేసే చోటు అంచు నుంచి ఇరవై మిల్లీమీటర్లలోపు ఎముక ఉంటే ఆ కాస్త మేర పాత పద్ధతిలో పూర్తి లెక్క. అది దాటితే అవసరం లేదు. ఇరవయ్యే ఎందుకు, ఎవరైనా అడిగారా, అడిగారు, మీటింగులో ఒకాయన అడిగాడు, పరీక్షించి చూశామండి అంది. పరీక్షించిన మాట నిజం. ముప్పై పెడితే ముప్పై ఎనిమిది నిమిషాలు. పాతిక పెడితే పందొమ్మిది. ఇరవై పెడితే నాలుగు. టీ తాగి వచ్చేలోపు అయ్యేది నాలుగు నిమిషాలే. అంకెని ఎముక చెప్పలేదు, గడియారం చెప్పింది, ఆ తర్వాత దానికి తగ్గ కారణాలు వెతుక్కుంది. ఇంత పచ్చిగా తనకి తాను ఎప్పుడూ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకుంటుంటే చెవులు వేడెక్కాయి.

"ఎలా ఉందమ్మా?" డాక్టరుగారు మైకు మీట నొక్కి అడిగారు. మధ్యమధ్యలో అడుగుతుండాలని రూలు.

"బాగుందండి," అంది అత్త గొంతు స్పీకరులోంచి, దిండులోకి మాట్లాడుతున్నట్టు.

"నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత?"

"సున్నా అంటే మీరు నమ్మరు. ఒకటి వేసుకోండి."

టెక్నీషియన్ ఆవిడ నవ్వి ఒకటి వేసుకుంది. డాక్టరుగారూ నవ్వారు. అత్త చేతిలో నల్లటి బటను ఉంది, ఓర్చుకోలేకపోతే నొక్కితే చాలు అంతా ఆగిపోతుంది, అందుకే ఎవరికీ దిగులు లేదు. తొందరమ్మ మాత్రం నవ్వలేదు. ఒకటి వేసుకోండి. కూరగాయల తూకంలో కొసరు వేసినట్టు. ఆమె వేళ్ళు వాటంతటవే కదిలి, అత్త కాలి స్కాన్ తెరిచి, ఇరవై కొట్టేసి ముప్పై పెట్టి, మళ్ళీ లెక్క మొదలుపెట్టాయి. ముప్పై ఎనిమిది నిమిషాలు అంది తెర. గడియారం ఎనిమిది. అంటే నలభై ఆరో నిమిషానికి నిజం తెలుస్తుంది, ఆపాటికి ఏదైనా కాలాల్సి ఉంటే కాలే ఉంటుంది, అయినా సరే, తెలుస్తుంది. సున్నా శాతం. తనకి చిన్నప్పటి నుంచీ ఇదే ధైర్యం, అంకె వస్తే చాలు, అంకె వచ్చేదాకా నోరు విప్పక్కర్లేదు.

పన్నెండు తొడలు. అదే అసలు సంగతి, దాని చుట్టూ తిరుగుతోంది గానీ దాని మీద కాలు పెట్టడం లేదు. పరీక్షకి స్కానులు కావాలంటే ఆఫీసులో వాళ్ళే వచ్చి పడుకున్నారు, నవ్వుకుంటూ, ఒకరి తొడల మీద ఒకరు జోకులు వేసుకుంటూ, పగలంతా కుర్చీల్లోంచి లేవని జనం, దిండ్లలాంటి కాళ్ళు. పదకొండు మంది అయ్యారు, డజను నిండితే బాగుంటుందని గేటు దగ్గర వాచ్‌మన్‌ని పిలిచింది. ఎండుపుల్లలాంటి మనిషి, రోజూ గంటన్నర సైకిలు తొక్కి డ్యూటీకి వచ్చేవాడు, ఒంట్లో కొవ్వన్న మాట లేదు. పదకొండు కాళ్ళకీ కొత్త లెక్కా పాత లెక్కా అర డిగ్రీలోపు కలిశాయి. పన్నెండో కాలికి ఎముక దగ్గర ఒకటి పాయింట్ ఎనిమిది తేడా వచ్చింది. ఎముక ఇరవై మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండగా. సన్నటి కాలు, కండ తక్కువ, అల పెద్దగా అలిసిపోకుండానే ఎముకని చేరుతుంది. ఆ రోజు అలా అనుకోలేదు. ఆ రోజు స్కాన్ తెరిచి చూసి, కాస్త మసకగా ఉందనుకుంది. ఉందనుకుంటే ఉంది. "కదలిక వల్ల స్కాన్ చెడింది" అని రాసి ఆ కాలిని పక్కన పెట్టేసింది, పదకొండుకి పదకొండు అని చెప్పుకుంది. సాయంత్రం ఇంటికి వెళుతూ గేటు దగ్గర, మీరు కొంచెం కదిలినట్టున్నారు, పర్లేదులెండి, అంది. "నేను కదల్లేదమ్మా," అన్నాడాయన, "ఊపిరి కూడా బిగబట్టుకున్నా." సరేలెండి అని నవ్వి వచ్చేసింది. ఆయన మొహం చిన్నబుచ్చుకోవడం చూసింది కూడా. ఆయనకి తెలుసు తను కదల్లేదని. ఆమెకీ తెలుసు. రెండేళ్ళు ఆ తెలివిడి ఎక్కడ పడుకుందో, ఇవాళ పొద్దున అత్తని బల్ల ఎక్కిస్తుంటే, గౌను కింద ఆ కాళ్ళు, కర్రల్లా, మోకాళ్ళు పిడికిళ్ళలా, అప్పుడు కూడా లేవలేదు. మిషను మొదలై ఏడు నిమిషాలయ్యాక లేచింది. ఎనిమిది శాతం.

పదకొండు. టెక్నీషియన్ ఆవిడ చాక్లెట్టు కాగితం విప్పుతున్న చప్పుడు. ఏసీ గాలికి అరచేతులు చల్లబడి, వీపు మాత్రం తడిసిపోతోంది. చెప్పెయ్యచ్చు. డాక్టరుగారూ, ఒక్క నిమిషం. అంతే కదా, మూడు మాటలు. తర్వాత ఆయన ఇటు తిరుగుతారు, ఏమ్మా అంటారు, అప్పుడేం చెప్పాలి, నాకు భయంగా ఉందండి అనా, భయం ఎన్ని డిగ్రీలు అంటే. నలభై ఒకటికి ఒకటి పాయింట్ ఎనిమిది కలిపితే నలభై రెండు పాయింట్ ఎనిమిది, ఏం కాదు. కానీ వాచ్‌మన్ కాలికి లెక్కలో పెట్టిన జోరు తక్కువ, అత్త కణితి లోతుగా ఉందని జోరు పెంచారు, జోరు పెరిగితే తేడా కూడా పెరుగుతుంది, నలభై నాలుగు, నలభై అయిదు, నలభై అయిదు దాటితే ఎముక మీది పొర ఓర్చుకోదు, ఆ పక్కనుంచే కాలిలోకి దిగే పెద్ద నరం. మిషను తొక్కే కాలు. లేదు, ఇప్పుడు తొక్కడం లేదు, మోటారు పెట్టించుకుంది, అయినా కాలు కాలే కదా. ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాకపోతే, మధ్యలో ఆపినందుకు వేడి దిగిపోతుంది, పన్నెండింటికి రేడియేషన్ గది అట్టిపెట్టి ఉంచారు, ఇవాళ్టిదంతా వృథా, మళ్ళీ వారం దాకా ఖాళీ లేదు, కణితి వారం ఊరుకుంటుందా. ఒకసారి కోసి తీస్తే ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చిన మొండిది అది. ఇంకోటి, మొదటి మనిషికే ఆపేశారన్న మాట పుడితే ఈ లెక్క మళ్ళీ బల్ల దాకా రాదు, పాత పదకొండు గంటలకే పోతారు, వరసలో ఉన్న ఆరుగురికి రాత్రి లెక్కతో పగలు కాలు కాలుస్తారు, అదేమైనా మంచిదా. ఎంత చక్కటి వాదన. ఆ ఆరుగురి మీద ఎంత ప్రేమో. తొందరమ్మకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

అత్తని ఎవరూ బలవంతం చెయ్యలేదు. కాగితాలు ముందు పెట్టి, ఇది కొత్త పద్ధతమ్మా, మీకు ఇష్టం లేకపోతే పాత పద్ధతిలో చేస్తాం, అని డాక్టరుగారు చెబుతుంటే, పూర్తిగా విననైనా వినకుండా సంతకం పెట్టేసింది. "ముక్కూ మొహం తెలియని వాళ్ళ లెక్క నమ్మి పడుకునే బదులు, మా అమ్మాయి లెక్క నమ్మితే పోలా?" అంది. తొందరమ్మ పొంగిపోయింది. అబద్ధమెందుకు, అప్పుడు పొంగిపోయింది, కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. వార్డులో మంచం మంచానికీ వెళ్ళి చెప్పుకొచ్చింది అత్త, నా మేనకోడలు, మిషనుకి తెలివి పెట్టింది అదే, అని. నర్సులకి చెప్పింది. లిఫ్టులో ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలాయనకి చెప్పింది. తొందరమ్మ సిగ్గుపడి ఊరుకో అత్తా అంటే, నేనేమైనా లేనిది చెప్పానా, అంది. బొబ్బిన్ దారం తనే ఎక్కించుకోలేని పిల్ల ఇంత పని చేసిందంటే చెప్పుకోవద్దూ. పద్దెనిమిది శాతం. గడియారం పదిహేను.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండి."

"నొప్పి?"

"ఒకటేనండి."

అమ్మయ్య అనుకుంది తొందరమ్మ, ఒక క్షణం నిజంగానే. ఒకటే. వింటున్నావా, ఒకటే. పదిహేను నిమిషాలైనా ఒకటే అంటే ఎముక దగ్గర ఏమీ లేనట్టే, వాచ్‌మన్ కదిలే ఉంటాడు, పాపం పెద్దాయన, ఊపిరి పీల్చినా కదిలినట్టే కదా. భుజాలు కాస్త దిగాయి. లాప్‌టాప్ మూసేద్దామనుకుంది. మూయబోతూ ఎందుకో అద్దంలోంచి చూసింది. ఎడమ పాదం, వేడి తగలని పాదం, కదులుతోంది. పాదం కాదు, బొటనవేలు. కిందికి ఒత్తుతోంది, వదులుతోంది, ఒత్తుతోంది. చాలా మెల్లగా. పక్కన ఎవరైనా చూస్తే తిమ్మిరనుకుంటారు.

ఆ వేలిని కింద నుంచి చూసింది తను. ఎనిమిదేళ్ళప్పుడు, కుట్టుమిషను బల్ల కింద కూర్చుని, కత్తిరింపు ముక్కలు రంగుల వారీగా పేరుస్తూ. అమ్మా నాన్నా ఇద్దరూ డ్యూటీలకి పోయేవాళ్ళు, ఆ బల్ల కిందే తన చదువూ ఆటా నిద్రా, పైన మిషను చప్పుడు లేకపోతే నిద్ర కూడా పట్టేది కాదు. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. పాదం ఆగలేదు. తొక్కుడు పలక మీద బొటనవేలు ఒత్తుతోంది, వదులుతోంది, చక్రం తిరగనంత మెల్లగా. తల బయట పెట్టి చూస్తే అత్త ఎడమ చూపుడువేలి గోట్లోంచి సూది కిందికి దిగిపోయి ఉంది, దాని కింద బడి యూనిఫారం, తెల్లచొక్కా చెయ్యి. అత్త మొహం మామూలుగా ఉంది. కుడి చేత్తో చక్రాన్ని వెనక్కి తిప్పి సూది పైకి లేపింది, వేలికి ఒక పేలిక చుట్టింది, చొక్కా తిప్పి తిప్పి చూసి చుక్క పడలేదని నిర్ధారణ చేసుకుంది, ఆ చెయ్యి కుట్టు పూర్తి చేసి, దారం పంటితో తెంపింది. అప్పుడు లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నొప్పా అత్తా అంటే, ఏమీ లేదు, నీ ముక్కలు నువ్వు పేర్చుకో, అంది. కణితి మొదటిసారి వచ్చినప్పుడు ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు. ఏమీ లేదు, కూర్చుని కూర్చుని పట్టేసింది. కోసి తీసిన మర్నాడు వార్డులో అదే మాట. తాతయ్య పోయిన రోజు అదే మాట. అత్త నిఘంటువులో ఏమీ లేదు అంటే ఉందని, ఒకటి వేసుకోండి అంటే ఎంతుందో దేవుడికే తెలుసని.

ఇరవై ఒకటి. ఇప్పుడు కూడా ఆ చేతిలో నల్ల బటను ఉంది, అది నొక్కదు. ఎందుకు నొక్కుతుంది. నొక్కితే ఏమవుతుంది, మిషను ఆగుతుంది, నర్సులు పరుగెత్తుకొస్తారు, మేనకోడలు పెట్టిన తెలివి మొదటి రోజే మొరాయించిందని వార్డంతా పాకుతుంది, అత్త అంత పని చేస్తుందా. గోట్లోంచి సూది దిగినా ఎవరి చొక్కా మీదో చుక్క పడనివ్వని మనిషి. ఆ గదికి ఉన్న జాగ్రత్తలన్నీ ఒక బటను మీద ఆధారపడి ఉన్నాయి, ఆ బటను అత్త చేతిలో ఉంది, తన లెక్కలో లేనిది ఎముక ఒక్కటే కాదన్నమాట, అత్త కూడా లెక్కలో లేదు. వేలు ఒత్తుతోంది, వదులుతోంది. తిరిగొచ్చేవన్నీ వదిలేశావు కదే తొందరమ్మా, ఇదిగో, చూడు. ముప్పై నాలుగు శాతం. ఇంకా పాతిక నిమిషాలు. నలభై ఆరో నిమిషానికి అంకె వస్తుంది, దాన్ని పట్టుకుని లేచి నిలబడి, చూడండి డాక్టరుగారూ నలభై అయిదు పాయింట్ రెండు అని చూపించొచ్చు, అప్పుడెవరూ కాదనరు, అప్పుడు తనని పిరికిదనరు, జాగ్రత్త గలదంటారు. ఆ పాతిక నిమిషాలూ అత్త కాలుతుంది. కాలుతుందో లేదో తెలీదు. తెలీదు కాబట్టి ఊరుకుంది. పదిహేనో నిమిషంలో ఊరుకుంది, పదకొండులో ఊరుకుంది, ఎనిమిదిలో ఊరుకుంది, అత్త నోరు మూసుకుని పడుకుంది, తను నోరు మూసుకుని కూర్చుంది, ఒకళ్ళ పరువు కోసం ఒకళ్ళు, మధ్యలో అద్దం.

ఇరవై అయిదు. డాక్టరుగారు మీట మీదికి చెయ్యి పోనిచ్చి ఎలా ఉందమ్మా అన్నారు, బాగుందండి అంది అత్త, అంతకు ముందుకన్నా ఒక పిసరు ఆలస్యంగా. ఆ పిసరు ఎవరూ వినలేదు. టెక్నీషియన్ ఆవిడ మళ్ళీ ఒకటి వేసుకోబోయింది. అడిగే తీరులోనే ఉంది లోపం. నొప్పి ఉందా అంటే అత్త చచ్చినా ఉందనదు. వెళ్ళి అత్తా నిజం చెప్పు అని బతిమాలినా అనదు, ఇంకా నవ్వి పంపిస్తుంది. అత్త తన కోసం ఏదీ అడగదు. పక్కవాళ్ళ పని చెడిపోతోందంటే మాత్రం తన పని సగంలో ఆపి లేచి వస్తుంది, ఎవరి చొక్కా కుట్టు పక్కకి పోయినా, ఎవరి లెక్క తప్పినా. ఈ ఆలోచన పూర్తయ్యేలోపే తొందరమ్మ లేచింది. లాప్‌టాప్ ఒళ్ళోంచి జారి స్టూలు అంచుకి కొట్టుకుంది. రెండడుగుల్లో ముందు బల్ల చేరి, డాక్టరుగారి భుజం మీదుగా చెయ్యి చాపి మైకు మీట నొక్కింది. ఏమ్మా, ఏమైంది, అంటున్నారాయన.

"అత్తా, నేను లెక్కలో తప్పు చేశాను."

గదిలో ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. అవతల బొటనవేలు ఆగింది.

"ఏం తప్పు?" అంది అత్త.

"నీ ఎముక దగ్గర. అక్కడ నలభై ఒకటని చెప్పాను. ఎంతుందో నాకు తెలీదు. ఒకాయన కాలితో అప్పుడే తెలిసింది, కావాలనే పక్కన పెట్టేశాను. ఇప్పుడు నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు."

డాక్టరుగారి చెయ్యి అప్పటికే ఎర్ర స్విచ్చు మీదికి వెళ్ళింది, నొక్కేశారు. మిషను హోరు ఆగింది. ఇంతసేపూ అంత హోరు ఉందని అది ఆగాకే తెలిసింది. పచ్చగీత వంగి కిందికి దిగడం మొదలుపెట్టింది. స్పీకరులో అత్త ఊపిరి వినిపించింది, పొడుగ్గా, ముక్కలు ముక్కలుగా, బరువు దింపుకున్న మనిషి ఊపిరి.

"అయితే రాసుకో," అంది అత్త. "మోకాలికి జానెడు పైన. పైకి కాదు, లోపల, ఎముకలోపల. పట్టకారుతో పట్టుకుని మెలిపెడుతున్నట్టుంది. పక్కకి నాలుగు వేళ్ళ మేర, అక్కణ్ణుంచి మడమ దాకా జివ్వుమంటోంది."

"ఎప్పట్నుంచి అత్తా?"

అటువైపు గోడకి కూడా ఎర్ర అంకెల గడియారం ఉంది. అత్త తల అటే తిప్పి ఉంది.

"ఆరో నిమిషం నుంచి," అంది. "నువ్వక్కడే ఉన్నావు కదా, చూస్తున్నావనుకున్నా."